స్పైడర్‌మ్యాన్ 2: ఇరవై ఏళ్లు దాటాక ఏది నిలిచింది, ఏది తేలిపోయింది?

గోదారిగట్టు

2004లో వచ్చిన ఈ సామ్ రైమీ సినిమా గురించి ఎవరు మాట్లాడినా రైలు ఫైట్‌తో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నన్నడిగితే దీని అసలు బలం అద్దె బాకీ.

ఈ సినిమా మొదలు ఒకసారి గుర్తు చేసుకోండి. హీరో పీటర్‌కి పిజ్జాలు టైముకి చేర్చలేక ఉద్యోగం పోతుంది. పత్రికాఫీసులో ఫొటోకి 300 డాలర్లు ఇస్తారు, తీరా చూస్తే అంతకుముందు వాడేసుకున్న అడ్వాన్సుకే అది చాలదు. కాలేజీలో ప్రొఫెసర్ చీవాట్లు. అతన్ని పెంచిన మే ఆంటీ తన ఇల్లే జప్తుకి వచ్చేలా ఉన్నా, పుట్టినరోజని 20 డాలర్ల నోటు బలవంతంగా చేతిలో పెడుతుంది. గదికి చేరేసరికి ఆ నోటు కాస్తా ఇంటి ఓనరు లాగేసుకుంటాడు. అప్పటికి విలన్ ఇంకా తెర మీదకే రాలేదు!

మొదటి సినిమాకి దాదాపు 14 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టినవాళ్లు దీనికి 20 కోట్ల దాకా వెళ్లారు. అంత డబ్బు పోసి తీసిన సీక్వెల్‌లో హీరో కష్టం ఏమిటంటే నెల గడవకపోవడం. సూపర్‌హీరోగా ఉండటం వల్ల అతనికి పైసా రాదు, పైగా ఉన్నవన్నీ పోతున్నాయి. అందుకే మధ్యలో డ్రెస్సు చెత్తకుప్పలో పడేసి వెళ్లిపోతే మనకి కోపం రాదు, హమ్మయ్య అనిపిస్తుంది.

తేలిపోయింది ఏమిటంటారా, హీరోయిన్ మేరీ జేన్ పాత్ర. దాని సంగతి మీరే ఎత్తుతారని తెలుసు, అందుకే వదిలేస్తున్నా.

రెండోఆట

అన్నా, అద్దె బాకీ చూడ్డానికి థియేటర్‌కి ఎవరెళ్తారు? అది మనింట్లోనే ఉంది 😄

రైలు ఎపిసోడ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. గడియారం గోపురం మీద మొదలై రైలు పైకి దూకి, కిటికీల్లోంచి లోపలికీ బయటికీ, మధ్యలో ఇనుప చేతుల విలన్ డాక్ ఆక్ ప్రయాణికుల్ని విసిరేయడం, చివర్లో బ్రేకులు పీకేసి వెళ్లిపోవడం. ఫైట్‌లో ఎవరు ఎక్కడున్నారో ఒక్క షాట్‌లో కూడా తికమక ఉండదు. ఇప్పటి సినిమాల్లో చీకట్లో ఏదో కదులుతుంది, ఎవరు ఎవర్ని కొట్టారో రీప్లే వేస్తే గానీ తెలియదు. ఆస్కార్ ఊరికే ఇచ్చారా? ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు దీనిదే.

జెర్సీసిటీ

రెండోఆట గారూ, ఫైట్ మీద నాకేం పేచీ లేదు గానీ కథ జరిగే న్యూయార్క్‌లో ఆ రైలు లేదండీ. బోర్డు మీద ఆర్ లైన్ అని ఉంటుంది. ఆర్ రైలు మన్‌హాటన్‌లో పూర్తిగా భూమి లోపలే నడుస్తుంది. ఆకాశహర్మ్యాల మధ్య అలా పైన పరిగెత్తే రైలు షికాగోది, అక్కడి లూప్ మార్గంలో షూట్ చేసి తెచ్చి ఇక్కడ అతికించారు. పట్టాలు ఆగిపోయి కింద నీళ్లలోకి పడిపోయే ఆ చివర అయితే ఎక్కడా లేదు.

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లలో ఆ పైరైలు ఎక్కడ ఎక్కాలని అడిగినవాళ్లు నాకు తెలుసు.

కత్తెర

జెర్సీ గారు చెప్పింది నిజమే గానీ దాన్ని లోపాల ఖాతాలో వేయను. భూమి లోపల సొరంగంలో అయితే ఆ ఫైట్ సగం చచ్చేది. అతను గోడల మీద ఎగరాలి, రెండు పక్కలా మేడలకి దారాలు విసరాలి, ఆ దారాలు సాగి ఇటుకలు ఊడిరావాలి. ఊరి మ్యాపు కంటే సీను ముఖ్యం, దర్శకుడు తేల్చుకున్నాడు, అంతే.

నాకు నచ్చింది ఫైట్ అయిపోయాక వచ్చే రెండు నిమిషాలు. ముసుగు లేదు, డ్రెస్సు చిరిగిపోయింది, స్పృహ తప్పి ముందుకు తూలిపోతుంటే లోపలి నుంచి చేతులొచ్చి పట్టుకుంటాయి. తలల మీదుగా మోసుకెళ్లి పడుకోబెడతారు. ఒకాయన తన కొడుకు వయసు కూడా ఉండదేమో అంటాడు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చిచ్చి ఎవరికీ చెప్పమంటారు. అప్పుడు డాక్ ఆక్ మళ్లీ వస్తాడు, ఆ మామూలు జనం ఒక్కొక్కరే అడ్డంగా నిలబడతారు. వాళ్లవల్ల ఏమీ కాదు, పక్కకి తోసేస్తాడు. అయినా నిలబడ్డారు.

మన మాస్ సినిమాల్లో జనం హీరోని భుజాల మీద మోయడం మామూలే, గెలిచాక మోస్తారు. ఇక్కడ అతను పడిపోయాక మోశారు. తేడా అక్కడుంది.

చుక్కలముగ్గు

గోదారిగట్టు గారు వదిలేసింది నేనెత్తుకుంటా.

మేరీ జేన్ ఈ సినిమాలో నాటకాల్లో నటిస్తోంది, ఊరంతా ఆమె బొమ్మలతో పోస్టర్లున్నాయి, సొంత కాళ్ల మీద నిలబడ్డ అమ్మాయి. బాగానే మొదలైంది. కానీ ఆమె సీన్లన్నీ వరసగా చూడండి, ప్రతిదాంట్లోనూ చేసేది పీటర్ గురించి ఎదురుచూడటమే. నాటకానికి వస్తాడా, రాడా. మనసులో మాట చెప్తాడా, చెప్పడా. పత్రిక ఎడిటర్ జేమ్సన్ కొడుకు, చంద్రుడి మీదకి వెళ్లొచ్చినవాడు, అతనితో నిశ్చితార్థం చేసుకుంటుంది. అతను చేసిన తప్పేమిటో ఎవరూ చెప్పరు. పెళ్లి రోజు, చర్చి నిండా జనం, ఒక చీటీ రాసి పంపించి పెళ్లి గౌనుతో పరిగెత్తుకొస్తుంది. సినిమా దాన్ని ప్రేమ గెలుపులా, వెనక సంగీతం వేసి మరీ చూపిస్తుంది. ఆ క్షణంలో ఆ అబ్బాయికి ఒక్క డైలాగు కూడా ఇవ్వలేదు.

క్లైమాక్స్‌లో మళ్లీ ఆమెనే ఎత్తుకెళ్లి గొలుసులతో కట్టేస్తారు. మొదటి సినిమాలో వంతెన మీద వేలాడదీశారు, ఇందులో రేవు పక్కన గోదాములో. కిర్‌స్టెన్ డన్‌స్ట్ లాంటి నటి చేత కేకలు తప్ప ఏం చేయించారు? ఒక చెక్క తీసుకుని డాక్ ఆక్‌ని వెనక నుంచి కొట్టబోతుంది, అది కూడా కామెడీకే.

రెండోఆట

అక్కా, హీరోయిన్‌ని ఎత్తుకెళ్లకపోతే క్లైమాక్స్ ఎలా వస్తుంది 😅

చుక్కలముగ్గు

తమ్ముడూ, ఈ సినిమాలోనే జవాబుంది. బ్యాంకు దోపిడీలో మే ఆంటీని కూడా ఎత్తుకెళ్తాడు. ఆవిడ ఏం చేసింది? గొడుగుతో డాక్ ఆక్ నెత్తిన ఒక్కటి వేసింది. అది కథని ముందుకి తీసుకెళ్లే సీను కూడా, అప్పటిదాకా స్పైడర్‌మ్యాన్‌ని తిట్టిన మనిషి అక్కడి నుంచి మాట మారుస్తుంది. డెబ్భై దాటిన ఆవిడ పాత్ర రాసుకున్నంత శ్రద్ధగా పాతికేళ్ల అమ్మాయి పాత్ర రాసుకోలేదు. నా ఫిర్యాదు అదే.

ఆవిడ గురించి ఇంకోటి. ఆవిడ భర్త బెన్ చావుకి తనే కారణమని పీటర్ చెప్పే సీను ఉంది కదా. వంటింటి బల్ల దగ్గర. మామూలుగా అయితే ఏడుపులు, వాటేసుకోవడాలు, నీ తప్పేం లేదు నాయనా అనడాలు. మే ఆంటీగా చేసిన రోజ్‌మేరీ హారిస్ చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, మెట్లెక్కి వెళ్లిపోతుంది. అంతే. క్షమించడానికి ఆవిడకి కొంత టైము పట్టింది, సినిమా ఆ టైము ఇచ్చింది.

గోదారిగట్టు

చుక్కలముగ్గు గారూ, ఆ సీను వెనక స్క్రీన్‌ప్లే రాసిన ఆల్విన్ సార్జెంట్ ఉన్నాడు. ఆయన కామిక్స్ మనిషి కాదు, కుటుంబ కథలు రాసిన పెద్దాయన. అంతకుముందే రెండు ఆస్కార్లు ఉన్నాయి ఆయనకి. ఇళ్లలో జరిగే సీన్లు ఇంత బిగువుగా ఉండటానికి కారణం అదేనని నా నమ్మకం.

మేరీ జేన్ మీద మీరన్నదాంట్లో ఒక్కటే ఒప్పుకోను. చివరి షాట్. పీటర్ సైరన్ విని కిటికీలోంచి ఎగిరిపోతాడు, ఆమే వెళ్లమంటుంది. సంగీతం ఎగిసిపడుతుంటే, సినిమా ఆగేది ఆమె ముఖం మీద. ఆ ముఖంలో సంతోషం లేదు, భయం ఉంది. ఇలాంటి మనిషితో బతకడం ఏమిటో అప్పుడే అర్థమైనట్టు. అక్కడ ఆమె పాత్రకి ఒక ఆలోచన ఇచ్చారు.

చుక్కలముగ్గు

రెండు గంటల ఏడు నిమిషాల సినిమాలో చివరి పది సెకన్లు. సంతోషం!

ఫిజిక్స్‌మాస్టారు

సినిమాల్లో సైన్సు వెతకకూడదని మా పిల్లలే చెప్తారు. అయినా ఊరుకోలేను.

డాక్ ఆక్ యంత్రం ఫ్యూజన్ రియాక్టరు, అంటే సూర్యుడిలో లాగా పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించేది. ట్రిటియం అనే ఇంధనం, ప్రపంచం మొత్తం మీద 25 పౌండ్లే ఉందని చెప్తారు. ట్రిటియం అరుదైనదన్న మాట నిజం. హైడ్రోజన్‌కి బరువైన రూపం, సగం ఆయువు సుమారు 12 ఏళ్లు, అందుకే నిల్వ పెట్టినా తరుగుతూ పోతుంది. కానీ అది వాయువు. సినిమాలో బంగారు బంతిలా చేతుల్లో పట్టుకుని తిరుగుతారు. లేజర్లతో ఇంధనాన్ని మండించడం మాత్రం కల్పన కాదు. కాలిఫోర్నియాలోని జాతీయ ప్రయోగశాలలో 2022 డిసెంబరులో అలాగే చేసి, లేజర్లు ఇచ్చినదానికంటే ఎక్కువ శక్తి రాబట్టారు. అక్కడ వాడిన ఇంధనపు గుళిక మిరియపు గింజంత ఉంటుంది.

అసలు తప్పు వేరే ఉంది. ఫ్యూజన్ అదుపు తప్పితే పెరగదు, చల్లారిపోతుంది. ఆ వేడిని, ఒత్తిడిని నిలబెట్టడమే కష్టం కాబట్టి ఇన్ని దేశాలు కలిసి ఫ్రాన్స్‌లో అంత పెద్ద రియాక్టరు కడుతున్నాయి, అందులో మన దేశమూ ఉంది. సినిమాలో అది ఊరినే మింగేసేలా పెరుగుతుంది, చివరికి నదిలో ముంచితే ఆరిపోతుంది! సూర్యుణ్ణి నీళ్లలో ముంచి ఆర్పడం నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

అయితే శాస్త్రవేత్తని చూపించిన తీరు మాత్రం బాగుంది. భోజనాల బల్ల దగ్గర పీటర్ మర్యాదగానే అడుగుతాడు, ఇది స్థిరంగా ఉంటుందా అని. ఆయన నవ్వి కొట్టిపారేస్తాడు. తెలివైనవాడు, మంచివాడు, తన లెక్క తప్పే అవకాశం ఉందని మాత్రం ఒప్పుకోడు. అలాంటివాళ్లని నేను చూశాను.

నైజాంనవాబు

మాస్టారూ, విలన్ దగ్గరికి వచ్చారు కాబట్టి నేను కూడా దిగుతున్నా. నాకు డాక్ ఆక్ విషయంలోనే పెద్ద పేచీ.

ఆ వేషం వేసిన ఆల్ఫ్రెడ్ మొలీనా నటనకి వంక పెట్టేది లేదు. రాతలోనే మోసం ఉంది. చేతుల్ని అదుపులో ఉంచే మెడ వెనక చిప్ కాలిపోయింది, ఇనుప చేతులు ఆయన బుర్రని పట్టుకున్నాయి, అందుకే చెడ్డవాడయ్యాడు. మరి ఆయన చేసిన హత్యలకి బాధ్యత ఎవరిది? చిప్‌దా? ఆస్పత్రిలో డాక్టర్లని చంపినప్పుడు ఆయన స్పృహలోనే లేడు. ఎండింగ్‌లో పీటర్ రెండు మాటలు చెప్పగానే మంచివాడై ప్రాణత్యాగం చేస్తాడు. విలన్‌ని విలన్‌గా ఉంచే ధైర్యం లేక చిప్ మీదకి నెట్టేశారు.

కత్తెర

నవాబ్ సాబ్, పాత గోదాములో ఆయన ఒంటరిగా కూర్చుని చేతులతో మాట్లాడే సీను ఇంకోసారి చూడండి. భార్య పోయింది, పరువు పోయింది, నదిలో పడి చచ్చిపోదామనే ఉంటాడు. చేతులు ఏదో గుసగుసలాడతాయి, మనకి వినపడదు. ఆయన జవాబులే వినిపిస్తాయి. చేతులు ఆయనకి కొత్త కోరికేమీ పెట్టలేదు. యంత్రం మళ్లీ కట్టాలన్నది ముందు నుంచీ ఉన్నదే. ‘లెక్క తప్పలేదు, డబ్బే చాలలేదు’ అని ఆయన వినాలనుకున్న మాటే అవి చెప్పాయి. చిప్ పోయింది కాబట్టి కాదు, అహం ఉంది కాబట్టి పడిపోయాడు.

ఆ చివర్లో పీటర్ చెప్పేవి కూడా ఊరికే రెండు మాటలు కాదు. మొదట్లో ఆయన తనకి చెప్పిన పాఠాన్నే తిరిగి చెప్తాడు, తెలివి ఉన్నది మనుషుల మంచికి వాడటానికని.

నైజాంనవాబు

సరే, గుసగుసల సీను మంచిదే. కానీ అప్పుడు ఆస్పత్రి సీను దానికి అతకదు. అందులో ఆయన ఒళ్లు తెలియకుండా ఉన్నాడు, చేతులే స్వయంగా చంపాయి. ఒక చోట చేతులు రాక్షసులు, ఇంకో చోట ఆయన మనసే చేతులు. రెండూ ఎలా కుదురుతాయి? నా మాట మీద నేనుంటా.

కొత్తగావచ్చా

అందరికీ నమస్తే. నేను 2021లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ సినిమాలో డాక్ ఆక్‌ని చూశాకే ఇది చూశాను. ఒక డౌటు. పీటర్ శక్తులు ఎందుకు పోతాయి? ఎవరూ ఏమీ కొట్టలేదు, ఇంజెక్షన్ ఇవ్వలేదు. మధ్యలో సడెన్‌గా దారం రావడం ఆగిపోతుంది, కళ్లజోడు పెట్టుకుంటాడు. మళ్లీ సడెన్‌గా వచ్చేస్తాయి. కొంచెం ల్యాగ్ కూడా అనిపించింది.

గోదారిగట్టు

మనసు ఒప్పుకోక శరీరం మొరాయించడం, అంతే. క్లినిక్‌లో డాక్టరుకి కలలో అన్నట్టు చెప్పుకుంటాడు కదా, ఆయనా అదే అంటాడు. దానికి సైన్సు కారణం ఇవ్వకపోవడమే నయం.

నాకు గట్టిగా తగిలేది శక్తులు లేనప్పుడు వచ్చే అగ్నిప్రమాదం. మామూలు మనిషిగానే మంటల్లోకి వెళ్లి పాపని తెస్తాడు. బయటికొచ్చి ఊపిరి పీల్చుకుంటుంటే, నాలుగో అంతస్తులో ఒకరు ఉండిపోయారన్న మాట చెవిన పడుతుంది. స్పైడర్‌మ్యాన్ అయి ఉంటే ఆ మనిషి కూడా బతికేవాడు. ఒక్క డైలాగుతో మొత్తం సమస్య చెప్పేశారు, ఉపన్యాసం లేకుండా.

కత్తెర

ల్యాగ్ అన్నందుకు కొత్తగావచ్చా గారిని ఎవరూ తిట్టకండి. పాట వేసి, పీటర్ నవ్వుతూ వీధుల్లో నడిచే మాంటేజీ కొందరికి ఇబ్బందే. నాకిష్టం. ఓనరు కూతురు పాలు, చాక్లెట్ కేకు తెచ్చిచ్చే సీను కూడా అంతే. కథకి ఏ పనీ చేయదు, నేనయితే కత్తిరించను. లిఫ్టులో డ్రెస్సు దురద పెడుతుందని చెప్పే ముక్క కూడా ఉండాల్సిందే.

మే ఆంటీ హీరో గురించి చెప్పే మాటలు మాత్రం తగ్గించేవాణ్ణి. పక్కింటి పిల్లాడు స్పైడర్‌మ్యాన్ ఎక్కడికెళ్లాడని అడగడం, పీటర్ ముఖం, అక్కడితో సరిపోయింది. తర్వాత ఆవిడ ప్రతి మనిషిలోనూ హీరో ఉంటాడంటూ వివరంగా చెప్పేసరికి చూపించినదాన్నే మళ్లీ చెప్పినట్టయింది.

ఇక పెద్ద లోపం, ఎవరూ ఎత్తలేదేమిటి? హోటల్లో పీటర్, మేరీ జేన్ కూర్చుని ఉంటారు. డాక్ ఆక్‌కి పీటర్ ప్రాణాలతో కావాలి, స్పైడర్‌మ్యాన్ ఎక్కడున్నాడో చెప్పాల్సింది అతనే. వచ్చీ రాగానే ఏం చేస్తాడు? అద్దాల్లోంచి కారు విసురుతాడు! పీటర్ స్పైడర్‌మ్యాన్ కాకపోయుంటే కథ అక్కడే అయిపోయేది.

రెండోఆట

ఇన్నిసార్లు చూశాను, ఈ పాయింట్ ఎప్పుడూ తట్టలేదు. కత్తెర అన్నా, ఇక ఆ సీను వచ్చినప్పుడల్లా కారే గుర్తొస్తుంది 😭

ఫిజిక్స్‌మాస్టారు

ఆ ఇనుప చేతుల గురించి ఒకటి. అన్నీ కంప్యూటర్ బొమ్మలు కావు. చాలా షాట్లలో నిజంగానే మొలీనా ఒంటికి కట్టి, బొమ్మలాటవాళ్లు వెనక నుంచి ఆడించారు. ఆయన వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు. ఒకదాని పేరు ఫ్లో, సున్నితమైన పనులన్నీ దానివే. అందుకే అవి కళ్లజోడు తీసినా, సిగరెట్ వెలిగించినా బరువున్న వస్తువుల్లా కనిపిస్తాయి. మా మనవడు కూడా అవి గ్రాఫిక్స్ అనుకోలేదు.

నైజాంనవాబు

పీటర్ స్నేహితుడు హ్యారీ సంగతి కూడా ఒకమాట. తాగడం, పార్టీలో పీటర్‌ని చెంపదెబ్బలు కొట్టడం, మళ్లీ తాగడం. చివర్లో అద్దం పగలగొట్టి, మొదటి సినిమాలో గాబ్లిన్ అనే విలన్ అయిన తండ్రి సామాను చూడటం మూడో భాగానికి ట్రైలరు. ఈ కథలో అతని పని ట్రిటియం ఇవ్వడం మాత్రమే.

వసూళ్ల లెక్క చూసినా, మొదటిది ప్రపంచమంతా కలిపి 82 కోట్ల డాలర్లు తెస్తే, ఇది 79 కోట్ల దగ్గర ఆగింది. అందరూ మెచ్చిన సీక్వెల్, మొదటిదాన్ని దాటలేదు.

జెర్సీసిటీ

నవాబు గారూ, వసూళ్లని బలాబలాల్లో కలపొద్దండీ. మూడోది రెండింటికంటే ఎక్కువ తెచ్చింది. ఎవరికి నచ్చింది?

నిర్వాహకుడు

మూడో భాగం గురించి, హ్యారీ గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడ కలిపితే ఎవరికీ ఏదీ దొరకదు.

కొత్తగావచ్చా

చివరి ప్రశ్న. మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు. వాడికి చూపించవచ్చా? ఫైట్లంటే పడి చస్తాడు.

చుక్కలముగ్గు

చూపించండి. ఆస్పత్రి సీను మాత్రం దాటించండి. రైమీ దాన్ని పూర్తి హారర్ సినిమాలా తీశాడు. సంగీతం లేదు, కేకలు, గోళ్లు నేల మీద గీరుకుపోవడం, చెయిన్ రంపం. ఆయన ముందు చేసిన పని అదే కదా. రక్తం కనిపించదు గానీ పిల్లలు జడుసుకుంటారు. డాక్ ఆక్ భార్య చనిపోయే చోట కూడా పక్కనే ఉండండి, గాజు పెంకులు ఆమె మీదకి దూసుకొస్తాయి, ఆ పెంకులో ఆమె ముఖం కనిపిస్తుంది.

రెండోఆట

పిల్లాడికి రైలు ఫైట్ పెద్ద టీవీలో, సౌండ్ పెంచి చూపించు తమ్ముడూ. ఫోన్‌లో చూపిస్తే ఊరుకోను.